తగిలించిన తాళం

"తాలు వెయ్యమంది" అన్నారు మామగారు ఫోను పెట్టేస్తూ.

"ఎవరు నాన్నా? ఎవరికి?" అంది వదిన.

"డాక్టరమ్మ. పేచీ మరీ లావెక్కిందట. దాణాకి తాలు వెయ్యమంది. ఇవాళే వెయ్యమంది."

పేచీ మా ఆడగుర్రం. దాని జోడీ రాజీ, మగగుర్రం. ఆ రెంటినీ బండికి కట్టి, వేసవి వచ్చిందంటే చాలు, బస్టాండులో దిగిన సరదారాయుళ్ళని సరస్సు చుట్టూ ఒక తిప్పు తిప్పి తీసుకురావడం మా ఇంటి పని. "ముందు ఏది నడుస్తుందండీ?" అని ఎవరైనా అడగడమే ఆలస్యం, "ఏ ఇంట్లోనైనా ముందు పేచీ, తర్వాతే రాజీ" అనేవాణ్ణి. ఒక్క వేసవిలో ఈ మాట రెండు వందల సార్లు అన్నా నాకు విసుగు రాలేదు. విన్నవాళ్ళ సంగతి తెలియదు. మా ఆవిడ సంగతి తెలుసు.

బండి మామగారిది, గుర్రాలు మామగారివి, ఇల్లూ మామగారిదే. పెళ్ళయ్యాక నేను ఆ ఇంట్లో చేరాను. నా చేతిలో విద్య ఏదీ లేదు, ఉన్నదంతా నోట్లోనే ఉంది. మామగారు పగ్గాలు పట్టేవారు, నేను పక్కన కూర్చుని జనాన్ని నవ్వించేవాణ్ణి. ఇంటి పెత్తనం వదినది, అంటే మా ఆవిడ అక్కది. మిగిలిన పనంతా మా ఆవిడది.

డాక్టరు చెప్పాక ఇంకేముంది? మధ్యాహ్నానికల్లా మిల్లు నుంచి రెండు బస్తాల తాలు, గింజ లేని ఒట్టి పొట్టు, దిగింది. వదిన గంప నిండా పోసి పేచీ ముందు పెట్టింది. పేచీ ఒకసారి వాసన చూసి, వదిన ముఖంలోకి చూసి, ముక్కుతో బుస్సున ఒక్క ఊదు ఊదింది. గంపలో ఉన్నదంతా వదిన జుట్టులోకి వెళ్ళింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి వదిన గడప మీద కూర్చుని తల దులుపుకుంటోంది.

"ఇదేంటండీ?"

"మీరు చెప్పిన తాలేనండి."

"తాలా! నేను తాళం అన్నానండీ. దాణా గదికి తాళం వెయ్యమన్నాను."

మేం పగలబడి నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది మామగారే. "అది అవతల గోడని ధనాధనా తంతోంది, ఇవతల ఈవిడ ఫోనులో గొణుగుతోంది, నేనేం చేసేది?" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. డెబ్బై రెండేళ్ళ మనిషి. పళ్ళన్నీ సొంతవే. నవ్వితే మొత్తం కనిపించేవి.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ పేచీ మెడ మీద చెయ్యి వేసి, అక్కడ పేరుకున్న కొవ్వుని పిండి ముద్ద నొక్కినట్టు నొక్కి చూసింది.

"గుర్రానికి వాంతి రాదు, తెలుసా మీకు? మనకైతే ఎక్కువైంది ఎటో ఒకవైపు నుంచి బయటికొస్తుంది. దానికి లోపలికి పోయిందంటే పోయిందే. గింజ ఎక్కువ తింటే పేగుల్లో పులుస్తుంది. ఆ విషం గిట్టల్లోకి దిగుతుంది. గిట్ట లోపల వాచిందంటే అది నిలబడలేదు. నిలబడలేని గుర్రాన్ని ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు."

"అంటే, గిట్ట బాగుంటేనే గిట్టుబాటు" అన్నాను నేను.

ఆవిడ నా వంక చూసి, తర్వాత మిగతావాళ్ళ వంక చూసింది. "ఇంట్లో దాణా ఎవరు వేస్తారు?"

"నేనొక్కణ్ణే" అన్నారు మామగారు.

"నేనొక్కదాన్నే" అంది వదిన.

మా ఆవిడా అదే అంది. నేనూ అదే అన్నాను. నలుగురం ఒకేసారి అన్నాం.

గుట్టంతా అప్పుడు బయటపడింది. లెక్క ప్రకారం ఓట్స్ దాణా పొద్దున వదిన, మధ్యాహ్నం మామగారు, సాయంత్రం మా ఆవిడ వెయ్యాలి. తిప్పుకీ తిప్పుకీ మధ్య సంచిలో కాస్త నేను పట్టుకెళ్ళాలి. అదంతా సరే. కానీ ఎవరికి వాళ్ళు "పాపం, ఎండలో లాగుతోంది కదా" అని ఎవరూ చూడకుండా పేచీకి ఇంకో గుప్పెడు వేస్తున్నాం. నాలుగు గుప్పెళ్ళు పొద్దున, నాలుగు మధ్యాహ్నం.

"ఆహా! ప్రజాస్వామ్యం!" అన్నాను. "నలుగురం రహస్యంగా వెళ్ళి పేచీకే ఓట్స్ వేశాం. అన్నీ దొంగ ఓట్సే!"

"మీ నోటికి కూడా ఒక తాళం వస్తుందేమో కనుక్కోండి" అంది మా ఆవిడ.

*

తాళం కొన్నాం. నొక్కితే దానంతటదే పడేది, తియ్యాలంటేనే చెవి కావాలి. ఆ చెవి ఎవరి దగ్గరుండాలన్నది రెండు రోజుల పంచాయితీ అయింది. గుర్రాలు నావి అన్నారు మామగారు. ఇల్లు నేను చూస్తున్నాను అంది వదిన. పొద్దున చెవి కోసం అక్క వెనకా, సాయంత్రం నాన్న వెనకా నేను తిరగలేను అంది మా ఆవిడ. చివరికి రాజీ కుదిరి నాలుగు చెవులు చేయించాం. ఆ తాళానికి నాలుగు చెవులు, అయినా అది ఎవరి మాటా వినలేదు.

ఎందుకంటే వారం తిరిగేసరికి మా ఇంటికి ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఒక చేతిలో దాణా గంప, ఇంకో చేతిలో నీళ్ళ బకెట్టు, చెవి ఏమో నడుముకో కొంగుకో కట్టి ఉంటుంది. మళ్ళీ కాసేపట్లో ఎవరో ఒకరు రావలసిందే కదా అని, తలుపు వేసి, గడియకి తాళాన్ని ఊరికే తగిలించి వచ్చేసేవాళ్ళం. నొక్కేవాళ్ళం కాదు. "తాళం వేశావా?" అని అడిగితే "తగిలించాను" అనడం కూడా అలవాటైంది. తర్వాత వచ్చేవాళ్ళకి చెవి వెతుక్కునే బాధ తప్పించడం కూడా ఒక మర్యాదేనని మేం నమ్మాం. దూరం నుంచి చూస్తే తాళం వేసినట్టే ఉండేది.

దగ్గర నుంచి చూస్తున్నది పేచీ.

సీజను మూడో వారం. పొద్దున్నే నాలుగు తిప్పులు వేశాం. పన్నెండింటికి గుర్రాల్ని బండి నుంచి విప్పి పెరట్లో వదిలేశాం, నీడలో తిరుగుతాయని. దాణా గది తలుపు ఆ పెరట్లోకే ఉంటుంది. మామగారు రెంటికీ కొలిచి దాణా పెట్టి, అన్నం తిని పడుకున్నారు. మూడింటి తిప్పు కోసం ఒంటిగంట నుంచే జనం గేటు దగ్గర చేరారు. జనం కనిపిస్తే నేను ఆగుతానా?

"పెళ్ళయిన కొత్తలోనండీ, మా మావయ్య నన్ను బండెక్కించి, పగ్గాలు చేతికిచ్చి, 'లాగు' అన్నారు. లాగమంటే నేను..." అని అక్కడ ఆపాను. జోకుని అక్కడ ఆపి, ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళి రావడం నా టెక్నిక్కు. ఊరించాలి కదా.

నిజంగానే పని ఉంది, తిప్పులోకి దాణా సంచి నింపుకోవాలి. దాణా గది దగ్గరికి వెళ్ళాను. తాళం తగిలించి ఉంది. తీశాను. సంచి నింపాను. అలవాటు ప్రకారం ఒక గుప్పెడు పేచీకి పెట్టాను. ఇంతలో గేటు దగ్గర నుంచి "తర్వాతేమైందండీ? ఏం చేశారు?" అని కేక వినిపించింది. తలుపు లాగి, తాళం గడియకి తగిలించి, పరిగెత్తాను.

"లాగమంటే నేను నా లాగు పైకి లాక్కున్నానండీ!"

జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఇంకోటి చెప్పాను, దాని తర్వాత ఇంకోటి. నేను గేటు దగ్గర నుంచి కదల్లేదు.

మూడింటికి మామగారి కేక వినిపించింది.

నేను వెళ్ళేసరికి దాణా గది తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం నేల మీద పడుంది, దాని మీద ఎండిపోతున్న చొంగ. ఆ మూతితో ఎన్ని రోజులుగా అది ఆ తాళాన్ని పరీక్షిస్తోందో. లోపల ఓట్స్ డ్రమ్ము పక్కకి పడి ఉంది. మొక్కజొన్న నూక బస్తా చీలిపోయి ఉంది. పేచీ వాటి మధ్య తల దించుకుని, నింపాదిగా నములుతోంది. రాజీ గడప బయట నిలబడి తన వంతు కోసం ఎదురు చూస్తోంది.

మామగారు పేచీ జూలు పట్టుకుని బయటికి లాగుతున్నారు. ఆయన ముఖం తెల్లబడి ఉంది.

"అల్లుడూ, నేనే తగిలించాను" అన్నారు. "దాణా పెట్టి, తాళం నేనే తగిలించాను. నొక్కలేదు. నాకు బాగా గుర్తుంది, నొక్కలేదు."

నోరు తెరిచాను. నా జన్మలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

అప్పుడే వదినా, మా ఆవిడా వచ్చారు. "అయ్యో నాన్నా!" అంది వదిన. ఆ మాటతో అది ఖాయమైపోయింది.

*

డాక్టరమ్మ ఇరవై నిమిషాల్లో వచ్చింది. "ఎంత తింది?" అంటే ఎవరూ చెప్పలేకపోయాం. "బాగానే ఉందిగా డాక్టరమ్మా, చెవులు ఆడిస్తోంది" అంది మా ఆవిడ ఆశగా.

"ఇప్పుడు బాగానే ఉంటుంది. బాగాలేనట్టు కనబడేదాకా ఆగితే ఇక మన చేతిలో ఉండదు. పట్టుకోండి."

ముక్కులోంచి గొట్టం పెట్టి కడుపులోకి దింపింది. గరాటుతో నీళ్ళు పోసి, వెనక్కి తీసి, మళ్ళీ పోసింది. బకెట్టులోకి పుల్లటి వాసనతో నూక వచ్చి పడుతుంటే లోపలున్నది ఎంతో నాకు అర్థమైంది. తర్వాత బొగ్గుపొడీ, నూనె పోసింది. సూది వేసింది. చేతులు కడుక్కుని చెప్పింది: "మూడు రోజులు. నాలుగు గిట్టలూ ఐసులో ఉండాలి. కరిగితే మళ్ళీ పొయ్యాలి. ఒక్క గంట కూడా వదలడానికి వీల్లేదు. పాదం చల్లగా ఉంచితే ఆ విషం అక్కడ పని చెయ్యలేదు. మీరు విసుక్కుంటే దానికి కాళ్ళుండవు."

"విసుక్కోం" అంది వదిన. వదిన ఒక మాట అంటే రాయి మీద గీత.

ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు వచ్చాయి. వదిన బట్టలుతికే బండ మీద వాటిని సుత్తితో పగలగొట్టింది. మా ఆవిడ గోనెసంచులు కోసి పేచీ కాళ్ళకి పొడుగాటి మేజోళ్ళలా కుట్టింది. వాటి నిండా ఐసు పోసి కట్టాం. వంతులు వేసుకున్నాం. బండి ఆగిపోయింది. సీజను నడుస్తుంటే మా బండి గేటు దగ్గర ఖాళీగా నిలబడింది, బస్సుల జనం దాని పక్కన ఫొటోలు దిగి వెళ్ళారు. పేచీ నీరసంగా మా భుజాల మీద తల ఆనించేది. రెండో రోజుకి నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఇంకో వేసవి అయితే "ఐసైపోయాను" అని ఒక జోకు వేసేవాణ్ణి.

మూడో రోజు సాయంత్రం డాక్టరమ్మ గిట్టల మీద ఒక్కొక్కదానికి అరచెయ్యి ఆనించి చూసింది. మూడు చల్లగా ఉన్నాయి. ముందు ఎడమది కొంచెం వెచ్చగా ఉంది.

"బతుకుతుంది" అంది. "నడక సంగతి నెల తర్వాత చూద్దాం. గింజ ఒక్కటీ వెయ్యొద్దు. నానబెట్టిన గడ్డి, నేను చెప్పినంత తూకం. ఆ గది మాత్రం ముందు మార్చండి."

మామగారు ఆ మూడు రోజులూ దూరంగా గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఎవరో వద్దన్నారని కాదు. ఆయనే దగ్గరికి రాలేదు. డాక్టరమ్మ వెళ్ళిపోయాక లేచి వచ్చి, మొలతాడుకున్న తాళం చెవి విప్పి నా చేతిలో పెట్టారు.

"ఇక నా దగ్గర ఏ చెవీ వద్దు అల్లుడూ."

ఆ చెవి ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

పేచీ గండం గట్టెక్కాక చెబుదాం అనుకున్నాను. గట్టెక్కింది. గది కట్టాక చెబుదాం అనుకున్నాను.

*

ఆ గదిని నేను కట్టినట్టు ఎవరూ కట్టి ఉండరు. దాణాని పెరట్లోంచే తీసేశాను. ఇంటికి ఆ పక్కన, గుర్రాలు రాలేని చోట, పాత సామాను గది ఖాళీ చేసి నేల గట్టి చేయించాను. ఇనప డ్రమ్ములు, వాటి మూతలకి చుట్టూ బిగించే ఇనప కడియాలు. ఆ గదికి పోయే దారిలో ఒక గేటు. గేటు దాటినా ఇంకా తలుపు ఉంటుంది, తలుపు దాటినా డ్రమ్ము మూత ఉంటుంది. ఏ ఒక్కటి మరిచిపోయినా ఇంకో రెండు మిగలాలి. మనిషి మరిచిపోతాడు అన్న లెక్కతోనే కట్టాలని పట్టుపట్టాను.

గేటు గడియని పరీక్షించడానికి రాజీనే పిలిచాను. గడియకి కాస్త బెల్లం నీళ్ళు రాసి వదిలాను. మొదటి గడియని రాజీ నాలుగు నిమిషాల్లో తీసేసింది. రెండోది పదకొండు నిమిషాల్లో. దానికి అంత తెలివుందని నాకు తెలియదు, పేచీ పక్కన ఉంటే పాపం బయటికి కనిపించదు. మూడోది నేల నుంచి జానెడెత్తులో, గుర్రం మూతి అందకుండా గేటుకి అవతలి వైపున పెట్టాను. రాజీ అరగంట ప్రయత్నించి, నా వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.

కొలత డబ్బా తీసేసి తూకం పెట్టాను. ఏ పూటకా పూట తూచి సంచుల్లో కట్టి, సంచి మీద రోజూ పూటా రాశాను. సంచి ఖాళీ అయిందంటే ఆ పూట అయిపోయినట్టే. గుప్పెళ్ళ రాజ్యం పోయింది. చెవి ఒక్కటే ఉంచి వంటింట్లో మేకుకి తగిలించి, మిగతా మూడూ సుత్తితో నలగ్గొట్టాను.

"మా మరిది బంగారం" అంది వదిన, వీధిలో వాళ్ళకి వినిపించేలా. "నోరు తప్ప ఏమీ లేదనుకున్నాం. ఈ ఇంటిని నిలబెట్టాడు."

నేను మేకులు ఏరుకుంటూ కూర్చున్నాను.

ఒంటి గుర్రంతో చిన్న బండి కట్టి తిప్పులు మొదలుపెట్టాను. పగ్గాలు నేనే పట్టాను. మామగారు రానన్నారు. అప్పటికి అక్కాచెల్లెళ్ళు ఆయన మీద ఒక కన్ను వేశారు.

"ఆ తాలు గొడవప్పుడే మనం గ్రహించాల్సింది" అంది వదిన ఒకరోజు పప్పు ఏరుతూ. "అప్పుడు నవ్వుకున్నాం."

"మొన్న రాజీని పట్టుకుని పేచీ అన్నారు" అంది మా ఆవిడ.

"మన ఇంట్లో అందరూ అలా పిలుస్తారే" అన్నాను.

"మీకు తెలీదు లెండి. వయసు మీదపడితే ఇలాగే మొదలవుతుందట."

మందు సీసాల మీద 'పొద్దున', 'రాత్రి' అని పెద్ద అక్షరాలతో కాగితాలు వచ్చాయి. స్టవ్వు దగ్గరికి వెళ్ళనివ్వలేదు. వీధిలోకి వెళితే మా ఆవిడ చెప్పులు వేసుకుని పది అడుగుల వెనక నడిచేది. గడ్డం కత్తి కూడా తీసేసుకుంది. రోజు విడిచి రోజు తనే కూర్చోబెట్టి గీసేది. ఆయన చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి కూర్చునేవారు. అంతకుముందు అయితే "ఏమే, నీకంటే ముందు పుట్టాను నేను" అని ఇల్లు ఎగరగొట్టేవారు. ఇప్పుడు ఏమన్నా "మీరు చెప్పినట్టే" అంటున్నారు.

గుర్రాలని మాత్రం కిటికీలోంచి చూడ్డమే. పేచీ కూడా ఇటే చూసేది. అది పుట్టిన రోజు దాని ముక్కు తుడిచి, మొదటి ఊపిరి అందించినవి ఆయన చేతులే.

ఒక మధ్యాహ్నం నేను తిప్పు ముగించుకుని వస్తే మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, చుట్టూ చూసి, కూతుళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని, మెల్లగా అడిగారు.

"అల్లుడూ, నేనివాళ స్నానం చేశానా?"

ఆయన జుట్టులోంచి నీళ్ళు ఇంకా చొక్కా కాలరు మీదికి కారుతున్నాయి.

"చేశారు మావయ్యా" అన్నాను.

"చేశాననే అనుకున్నాను" అన్నారాయన. "కానీ నేననుకున్నదానికి ఏం విలువుందిలే."

నేను రాజీని విప్పాను. నీళ్ళు పెట్టాను. ఒళ్ళు తోమాను. తోమిన చోటే మళ్ళీ తోమాను.

*

మర్నాడు డాక్టరమ్మ వచ్చే రోజు. పేచీని పెరట్లో అటూ ఇటూ నడిపించింది, గట్టి నేల మీద తిప్పింది, గిట్టని సుత్తితో తట్టి చూసింది. పేచీ కాలు విదిలించలేదు.

"కట్టొచ్చు" అంది. "రోజుకి అరగంట, ఖాళీ బండి. మెల్లగా పెంచుకుందాం. గది చూశాను. ఆ మూడో గడియ ఎవరి ఆలోచన?"

"మా మరిదిదండీ" అంది వదిన గర్వంగా. "భోంచేసి వెళ్ళాలి మీరు, కాదంటే ఊరుకోను."

ఐదుగురం కూర్చున్నాం. వదిన వడ్డిస్తూ గొంతు తగ్గించింది, మామగారికి వినబడనంత అని ఆమె అనుకుంది.

"డాక్టరమ్మా, మనుషుల డాక్టర్లలో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా? మతిమరుపుకి చూసేవాళ్ళు. నాన్నకి. రేపే తీసుకెళదామని."

మామగారు తల ఎత్తలేదు. అన్నం ముద్ద కలుపుతూ, "తీసుకెళ్ళండమ్మా. ఇంకో తలుపు తెరిచి పెట్టకముందే" అన్నారు.

"ఆ తాళం తగిలించింది నేను" అన్నాను.

మా ఆవిడ నవ్వింది. డాక్టరమ్మ కూడా, ఆ ఇంట్లో మొదటిసారి, పెదవి కొసన నవ్వింది.

"ఊరుకోండి, డాక్టరమ్మ ముందు" అంది మా ఆవిడ.

"జోకు కాదు. నేనే తగిలించాను."

"మరిదీ, తర్వాతేమైందని మేం అడగం, అన్నం తిను" అంది వదిన.

ఇన్నేళ్ళుగా నేను చెప్పినదానికల్లా నవ్వడం వాళ్ళకి అలవాటైపోయింది. ఆ అలవాటు చేసింది నేనే. కంచం పక్కకి జరిపాను.

"పన్నెండున్నరకి మావయ్య దాణా పెట్టి తాళం తగిలించారు. అది నిజం. ఆ తర్వాత గంటకి నేను వెళ్ళాను. తగిలించిన తాళం తీశాను, సంచి నింపాను, పేచీకి గుప్పెడు పెట్టాను. గేటు దగ్గర జనం పిలిచారు. మళ్ళీ తగిలించి పరిగెత్తాను. నొక్కలేదు. తలుపు దగ్గర ఆఖరి మనిషిని నేను. పేచీ తీసింది నేను తగిలించిన తాళం."

ఎవరూ నవ్వలేదు. మామగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నేను తగిలించింది..." అన్నారు.

"మీకు గుర్తున్నది గుర్తున్నట్టే జరిగింది మావయ్యా. ఒక్క ముక్క కూడా తేడా లేదు. మీ తర్వాత నేనొచ్చాను, అది మీకు తెలీదు, అంతే."

మా ఆవిడ లేచి నిలబడింది. "నెలరోజులు" అంది. "నెలరోజులు మా నాన్న గడ్డం నేను గీస్తుంటే చూస్తూ కూర్చున్నారా మీరు? రోజుకి వెయ్యి మాటలాడతారే! అందులో ఈ ఒక్కటీ పట్టలేదా?"

"పట్టలేదు" అన్నాను.

వదిన చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె నా వంక చూడలేదు. సీసాల మీద తను అంటించిన కాగితాల వంక చూసింది.

మామగారు నెమ్మదిగా మంచినీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టారు. తర్వాత మొదలైంది.

"గాడిదా!" అన్నారు. ఇల్లు అదిరింది. నెల తర్వాత ఆ గొంతు. "ఎర్ర గళ్ళ చొక్కా వేసుకున్నావు ఆ రోజు, పై గుండీ లేదు. గేటు దగ్గర పదకొండు మంది. టోపీ పెట్టుకున్న లావాటాయన అందరికంటే ముందు నవ్వాడు, ఒక ఆడమనిషికి దగ్గు కూడా వచ్చింది. నేను నిద్రపోలేదురా, మంచం మీద పడుకుని వీధి కిటికీలోంచి అంతా చూశాను, విన్నాను. మధ్యలో జోకు ఆగింది. ఎందుకాగిందా అనుకున్నాను! తిరిగొచ్చి రొప్పుతూ చెప్పావు. ఇన్నీ గుర్తున్నాయి నాకు, ఇన్నీ! అయినా నా బుర్ర మీద నాకే అనుమానం పెట్టావు కదరా!"

నన్ను ఆయన అంతకుముందెప్పుడూ 'రా' అనలేదు. తల దించుకుని విన్నాను. పదిహేను నిమిషాలు తిట్టారు. ఏ ఏటి వేసవిలో ఏం పాడుచేశానో, నెలలతో సహా, వరసగా, ఒక్కటి తప్పకుండా చెప్పారు. డాక్టరమ్మ ముక్కు మీద వేలేసుకుని వింటూ, మధ్యలో వదినతో "మతిమరుపు డాక్టరు అక్కర్లేదనుకుంటానండీ" అంది.

మామగారు చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలు భుజాన వేసుకుని పెరటి వైపు నడిచారు. మా ఆవిడ అలవాటుగా చెప్పుల వైపు అడుగు వేసి, ఆగి, మళ్ళీ కూర్చుంది. ఎవరూ ఆయన వెంట వెళ్ళలేదు.

కాసేపటికి పెరట్లోంచి తోలు పట్టీలు లాగుతున్న చప్పుడు, పేచీ ముక్కు చీదిన చప్పుడు, దాన్ని ఆయన ప్రేమగా బూతులు తిడుతున్న చప్పుడు వచ్చాయి. తర్వాత ఒక కేక.

"అల్లుడూ! దీని పొట్ట తగ్గింది. పట్టీకి ఇంకో రెండు కన్నాలు పడాలి. మేకూ సుత్తీ పట్టుకుని రా. మాట్లాడకుండా రా!"

మేకూ సుత్తీ తీసుకుని, మాట్లాడకుండా వెళ్ళాను.